ఇంటి తిండి పెడుతున్నా పిల్లికి మూత్రం బాధ తగ్గడం లేదా?

వంట సంగతి తరువాత. ముందు లిట్టర్ ట్రే (పిల్లి మూత్రానికి పెట్టే ఇసుక తొట్టి) దగ్గరకు వెళ్లి నిన్న రాత్రి నుంచి ఎన్ని తడి ఉండలు కట్టాయో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోయినా, శనగగింజంతవి రెండు మూడే కనిపించినా, పైగా మీది గండుపిల్లి అయితే ఇక చదవకండి. బుట్టలో పెట్టుకుని ఆస్పత్రికి బయలుదేరండి.

ఇంత సులువైన పరీక్ష చేసేవాళ్లు నాకు అరుదుగా తగులుతారు. పిల్లి ట్రేలో వంగి కూర్చుని ముక్కుతుంటుంది, ఏమీ రాదు. చూసినవాళ్లు మలబద్ధకమని తేల్చేస్తారు. ఒకరు నెయ్యి నాకిస్తారు, ఒకరు ఆముదం పోస్తారు. ఒక రోజు గడిచిపోతుంది. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నం. స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి. బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఆ దశలో బార్లీ నీళ్లు, పల్లేరుకాయల కషాయం పట్టి కూర్చోవడం కాలయాపన. కొబ్బరినీళ్లయితే అసలే ఎక్కువైన పొటాషియానికి మరికొంత చేర్చడమే. పొట్ట నొక్కి చూడకండి. మనం వేసుకునే పారాసెటమాల్ ముక్క కూడా వేయకండి, పిల్లికి అది విషం.

మూత్రం వస్తోంది, కానీ చుక్కలుగా, మాటిమాటికీ, కొంచెం ఎర్రగా

వంటింటికి పని ఇక్కడుంది. పడుచు, నడివయసు పిల్లుల్లో ఈ లక్షణాలకు ఎక్కువగా కనిపించే కారణం క్రిములు కాదు, కారణం తేలని మూత్రాశయపు వాపు. ఇంట్లోకి కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, ట్రే మురికిగా ఉండడం లాంటివి దాన్ని రేపుతాయి. ఆ తరువాత మూత్రంలోని ఖనిజాలు పేరుకుని కట్టే స్ట్రువైట్, ఆక్సలేట్ అనే రెండు రకాల రాళ్లు. స్ట్రువైట్‌ను డాక్టరు రాసే ప్రత్యేకమైన తిండి కరిగించగలదు. ఆక్సలేట్‌ను ఏ తిండీ కరిగించదు. అందుకే మూత్రపరీక్ష, ఎక్స్‌రే అయ్యాకే పొయ్యి వెలిగించండి. మూత్రం సీసాను ఫ్రిజ్‌లో దాచి మర్నాడు తీసుకెళితే ఆ చల్లదనానికే అందులో స్ఫటికాలు పుడతాయి. అలాంటి రిపోర్టు పట్టుకుని నెలల తరబడి పథ్యం చేయించినవాళ్లను చూశాను.

ఇంటి తిండి ముఖ్యంగా చేసేది ఒకటే: ఒంట్లోకి నీళ్లు చేర్చి మూత్రాన్ని పలచన చేయడం. పిల్లిది ఎడారి వంశం, దాహం తక్కువ. అది వేటాడి తినే ఎలుకలో 70 శాతం దాకా నీరే. డ్రై ఫుడ్‌లో ఉండేది 10 శాతం. ఆ లోటును గిన్నెలో నీళ్లు తాగి పూర్తిగా పూడ్చుకునే అలవాటు దానికి లేదు. నాలుగు కిలోల పిల్లికి తిండిలోది, తాగేది కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి.

నేను తోలు తీసిన కోడి తొడ మాంసం ఉడికించి, ఎముకలు తీసి, వేలిగోరంత ముక్కలు చేసి, ఉడికిన నీళ్లన్నీ మళ్లీ అందులోనే పోస్తాను. గంజిలో మెతుకుల్లా ముక్కలు తేలాలి. ఆ నీళ్లు పారబోస్తే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం కూడా తూములో పోతుంది. టారిన్ లోటుతో పిల్లి గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనే తేలింది. నీళ్లు పారబోయకుండా ఉంచినా చాలదు, రోజుకు 250 మిల్లీగ్రాముల టారిన్ విడిగా కలుపుతాను. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం లేనట్టే. అరకిలోకు అరచెంచా మెత్తటి గుడ్డుపెంకు పొడి. ఇంత చేసినా ఇది సంపూర్ణాహారం కాదు. రెండు మూడు వారాలు దాటి ఇదే పెట్టాలంటే పిల్లుల కోసం తయారయ్యే విటమిన్, ఖనిజాల పొడి డాక్టరు చెప్పిన మోతాదులో కలపాల్సిందే. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. పెరుగన్నం, పాలన్నం కూడా వద్దు. ధాన్యం ఎక్కువైతే మూత్రం క్షారం వైపు మొగ్గుతుంది, స్ట్రువైట్‌కు కావలసింది అదే.

అన్నీ సరిగ్గానే చేస్తున్నాను, అయినా మళ్లీ వచ్చింది

దీని దగ్గర నేను మూడు నెలలు బోల్తాపడ్డాను.

మాది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన గండుపిల్లి, 4.2 కిలోలు. రోజూ చికెన్, అది ఉడికిన నీళ్లు. అయినా ట్రేలో ఉండలు నిమ్మకాయను దాటలేదు, రెండుసార్లు ఎర్రగా పోసింది. తొడ మాంసం మాని రొమ్ము మాంసం పెట్టాను. పెంకు పొడి తగ్గించాను, పెంచాను. క్రాన్‌బెర్రీ పొడి కొన్నాను, అదీ దండగ. చివరికి విసుగొచ్చి వంటింటి కాటా ముందేసుకున్నాను. వారం పాటు పెట్టింది తూచాను, మిగిల్చింది తూచాను. పెట్టింది 120 గ్రాములు, తిన్నది 60. ఆకలి తగ్గిందేమోనని పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కాను. నా బరువు తీసేస్తే 4.4 కిలోలు.

ఉడికిన చికెన్ 60 గ్రాములంటే సుమారు 100 కేలరీలు. ఇంట్లో పడుకునే అంత పిల్లికి రోజుకు కావలసింది 200 అటూ ఇటూ. సగం తిని బరువు పెరగడం ఎలా? మధ్యాహ్నం దాని వెనకే వెళ్లాను. బాల్కనీ గోడ దూకింది. అవతల పక్కింటి బామ్మగారు ఒక స్టీలు మూతలో గుప్పెడు డ్రై ఫుడ్ పోసి కూర్చుని ఉన్నారు. ఆ గుప్పెడు తూస్తే 30 గ్రాములు. అంటే దాదాపు 110 కేలరీలు, మూడు మిల్లీలీటర్ల నీరు. నా వంట దానికి నంజుడు మాత్రమే.

"పెట్టకండి" అని చెబితే పని జరగదు. "పాపం, ఆకలిగా వస్తోంది నాయనా" అన్నారావిడ. అందుకని మర్నాటి నుంచి ఆ రోజు వాటాలోంచే చికెన్‌ను ఉడికిన నీళ్లతో సహా చిన్న డబ్బాలో పోసి ఆవిడకు ఇచ్చాను. మధ్యాహ్నం మూత అదే, పెట్టే చెయ్యి అదే, లోపలిది మారింది. రెండు వారాలకు ఉండలు బత్తాయంత అయ్యాయి.

కాబట్టి వంట మార్చే ముందు వారం రోజులు తూచండి. లెక్క తేలకపోతే వాచ్‌మన్‌ను, పిల్లలను, అత్తగారిని విడివిడిగా అడగండి. ఎండు నెత్తళ్లు "ఒక్కటే కదా" అని వేసేవాళ్లుంటారు. రెండో పిల్లి గిన్నె కూడా చూడండి. డ్రై ఫుడ్ ఉన్నట్టుండి ఆపకండి, పది రోజుల్లో మెల్లగా తగ్గించండి. పస్తు పెడితే దారికొస్తుందనుకోవద్దు. పిల్లి, అందులోనూ బొద్దుగా ఉన్నది, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది.

మిగతావి

బోరు నీళ్ల మీద నింద వేస్తారు, సాధారణంగా దోషి అది కాదు. వెనిగర్, నిమ్మరసం కలిపి మూత్రాన్ని పులుపెక్కించే ప్రయోగాలు మానండి, అవి ఆక్సలేట్ వైపు తోస్తాయి. పదేళ్లు దాటిన పిల్లికి ఇవే లక్షణాలు వస్తే క్రిములు, మూత్రపిండాలు ముందు చూడాలి. కిడ్నీ దెబ్బతిన్నదానికి ఇంత మాంసం, ఇంత ఫాస్ఫరస్ పడవు. దానికి వేరే పథ్యం డాక్టరే రాయాలి.