వింత సినిమాలు వెతికే వాళ్లకు ఒక చిట్కా

ఎవరూ పట్టించుకోని వింత సినిమాలంటే ఇష్టమా? అయితే హీరో పేరు వదిలేసి కెమెరామన్ పేరు పట్టుకోండి. టైటిల్స్ పడేటప్పుడు ఒక్క క్షణం ఆపి, ఆ పేరు ఫోన్‌లో రాసుకుంటే చాలు.

నేను బి. నర్సింగరావు గారి ‘దాసి’ (1988) చూసి, ఆ దొర గడిలో (కోటలాంటి ఇంట్లో) మసక వెలుతురు, హీరోయిన్ అర్చన మొహం చాలా రోజులు మర్చిపోలేక, కెమెరా ఎవరిదా అని చూస్తే ఎ.కె. బిర్. ఆయన పేరుతో వెతికితే ‘27 డౌన్’ (1974) దొరికింది. బ్లాక్ అండ్ వైట్ హిందీ సినిమా, అవతార్ కృష్ణ కౌల్ తీసిన ఒకే ఒక్క సినిమా, సగం కథ రైళ్లలోనే. కాజీపేట జంక్షన్ పక్కన పెరిగిన నాకు ఆ ప్లాట్‌ఫాం జనం, ఆ కుదుపులు ఎంత దగ్గరగా అనిపించాయో! రెండింటికీ కెమెరాకు జాతీయ అవార్డు వచ్చింది, అయినా మా హన్మకొండ దోస్తుల్లో ఒక్కరూ చూడలేదు.

ఇంకోటి, ఇలాంటివి రాత్రి లైట్లు ఆపి చూడండి. మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా పోతాయి, అక్కడే ఆపేయకండి.