పికప్ ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చాక వచ్చే తంటాలు: ఏం కనిపిస్తే ఎక్కడ చూడాలి

బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా లాంటి బండ్లకు ఆయిల్ మార్చడం కారు కన్నా సులువు. నేలకు ఎత్తుగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు జాకీ పెట్టకుండానే కిందకి దూరొచ్చు. పాతది దించడం, ఫిల్టర్ మార్చడం, కొత్తది పోయడం... పని ఇంతే. చిక్కంతా ఆ తర్వాతే. కింద చుక్క కనబడినా, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగినా ఇంజిన్ పోయిందేమోనని కంగారు. ఆయిల్ మార్చిన రోజో మర్నాడో బయటపడే తేడా చాలావరకు ఇంజిన్ లోపలిది కాదు, మనం చేయి పెట్టిన చోటుదే. డ్రెయిన్ నట్టు, ఫిల్టర్ కూర్చునే చోటు, పోసిన కొలత: ముందు ఈ మూడూ చూశాకే మిగతావి అనుమానించండి.

ఇంకో మాట. జాకీ ఎత్తాల్సి వస్తే స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, అప్పుడే కిందకి వెళ్లండి. ఒట్టి జాకీ మీదో, పేర్చిన ఇటుకల మీదో నిలబెట్టిన బండి కిందకి తల పెట్టొద్దు.

డ్రెయిన్ నట్టు కదలడం లేదు, తల అరిగిపోతోంది

కిందటిసారి ఎవరో పానాకి పైపు తగిలించి బలంకొద్దీ బిగించి ఉంటారు. లేదా మీరు వాడుతున్న పానా సైజు సరిపోలేదు. వెల్లకిలా పడుకుని పని చేస్తుంటే ఏ వైపు తిప్పాలో తికమకపడి ఇంకా బిగించేవాళ్లూ ఉంటారు. నట్టు తల మీకు ఎదురుగా ఉందనుకుని చూడండి, గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితే వదులవుతుంది.

ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే త్వరగా దిగుతుంది, మడ్డి కూడా దానితో పాటే వస్తుంది. కాలిపోయేంత వేడిగా మాత్రం ఉండకూడదు. ఆరు పలకల సాకెట్ గానీ రింగ్ పానా గానీ పూర్తిగా కూర్చోబెట్టి, పొడవు హ్యాండిల్‌తో ఒక్క ఊపులో లాగండి. సైజు మార్చుకునే స్క్రూ పానా ఇక్కడ పనికిరాదు, తల అరిగేది దానివల్లే.

దిగిన ఆయిల్ నల్లగా లేదు, చిక్కగా తేనె రంగులో ఉంది

ఆగండి. డీజిల్ ఇంజిన్‌లో తిరిగిన ఆయిల్ ఆ రంగులో ఉండదు. మీరు విప్పింది గేర్‌బాక్స్ డ్రెయిన్ అయి ఉంటుంది. కొత్తగా కిందకి దూరినవాళ్లకి రెండు నట్టులూ ఒకేలా కనిపిస్తాయి. ఇంజిన్ ఛాంబర్ బండి ముందు వైపు, ఇంజిన్ అడుగున తొట్టిలా ఉంటుంది. గేర్‌బాక్స్ దాని వెనక ఉంటుంది.

గమనించకుండా పైనుంచి కొత్త ఆయిల్ పోసేస్తే రెండు రకాలుగా నష్టం: గేర్‌బాక్స్ ఖాళీ, ఇంజిన్‌లో రెట్టింపు. ఆ స్థితిలో స్టార్ట్ చేయొద్దు, నాలుగడుగులు కూడా నడపొద్దు. ఇంజిన్ ఆయిల్ మొత్తం దించి, కొలత ప్రకారం కొత్తది పోయండి. గేర్‌బాక్స్‌కి దాని గ్రేడు ఆయిల్ పక్కనున్న ఫిల్లర్ రంధ్రం అంచు దాకా నింపండి.

డ్రెయిన్ నట్టు దగ్గర చుక్కలు పడుతున్నాయి

పాత వాషర్ మళ్లీ వేసి ఉంటారు. రాగి, అల్యూమినియం వాషర్లు ఒకసారి బిగించినప్పుడే నలిగి సందు పూడుస్తాయి. రెండోసారి వేస్తే ఆ గుణం ఉండదు. చవక వస్తువే, ఫిల్టర్ కొనేటప్పుడు దాన్నీ అడిగి తీసుకోండి. వాషర్ కొత్తదే అయినా కారుతుంటే అది ఆనే చోట ఇసుక రేణువో పాత వాషర్ ముక్కో ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి.

నట్టు బిగుసుకోకుండా తిరుగుతూనే ఉందంటే మర పోయినట్టే. అల్యూమినియం ఛాంబర్లలో ఇది త్వరగా జరుగుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ టేపు ముక్క ఊడి లోపలికి పోతే పంపు ముందుండే జాలీకి అడ్డం పడుతుంది. ఎం-సీల్ పెడితే వచ్చేసారి ఆయిల్ దించేదెలా? లేత్ పని తెలిసిన చోట మర మళ్లీ కోయించి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించడమే సరైన దారి.

స్టార్ట్ చేయగానే ఫిల్టర్ దగ్గర ఆయిల్ చిమ్మింది

వెంటనే కీ తిప్పి ఆపేయండి. ఇక్కడ కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పాత ఫిల్టర్ ఊడి వచ్చింది గానీ దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీద కొత్త ఫిల్టర్ తన రింగుతో కూర్చుంది. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటే చేత్తో చూసినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. ఇంజిన్ తిరిగి ఒత్తిడి రాగానే ఒకటి పక్కకి జరుగుతుంది. నిమిషంలోపే లీటర్ల కొద్దీ నేలపాలవుతుంది.

ఫిల్టర్ విప్పి పాత రింగు తీసేయండి. ఆనే చోటు శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకి వేలితో కొంచెం కొత్త ఆయిల్ రాయండి. రింగు ఆనే వరకు తిప్పి, అక్కడి నుంచి చేత్తోనే ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది. ఫిల్టర్ ఒంటి మీద వేరే లెక్క అచ్చు వేసి ఉంటే దాన్నే పాటించండి. పానాతో బిగించకండి. ఈసారి పానాతో బిగిస్తే, వచ్చేసారి ఊడదీయడానికి చైన్ పానా వెతుక్కోవాలి. పాత ఫిల్టర్ విప్పిన ప్రతిసారీ దాని మూతి మీద రింగు ఉందో లేదో చూసుకుంటే ఈ గొడవే ఉండదు.

కొన్ని కొత్త బండ్లలో డబ్బా ఫిల్టర్ బదులు గిన్నెలాంటి మూతలో కాగితపు ఫిల్టర్ ఉంటుంది. అక్కడ మూత ఓ-రింగు మార్చకపోతే ఇదే కథ.

ఎర్ర ఆయిల్ లైటు ఆరడం లేదు

కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి అది నిండేదాకా కొన్ని సెకన్లు లైటు వెలగడం మామూలే. ఈలోగా యాక్సిలరేటర్ తొక్కొద్దు, టర్బో బండి అయితే అసలే వద్దు. పది సెకన్లయినా ఆరకపోతే ఆపేసి గేజీ (ఇంజిన్‌లో ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ పోయడం మర్చిపోయి స్టార్ట్ చేసినవాళ్లు లోకంలో చాలామందే. కొలత సరిగ్గా ఉంటే, బండికి చెప్పిన ఫిల్టరేనా అని నంబరు సరిచూడండి. సెన్సార్ ప్లగ్ ఊడిందేమో కూడా చూసుకోండి. అన్నీ బాగుండి లైటు మాత్రం వెలుగుతూనే ఉంటే ఇక ఇంటి పని కాదు, మెకానిక్‌ని బండి దగ్గరకే పిలిపించండి. నడిపించుకుంటూ వెళ్లొద్దు.

గేజీలో ఆయిల్ పై గీత దాటింది

తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు, కాస్త ఎక్కువైతే మంచిదేలే అనుకుంటారు. డీజిల్ బండికి ఎక్కువైనా ప్రమాదమే. క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. ఆ తుంపర బ్రీదర్ పైపులోంచి (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) గాలి దారిలోకి వెళ్తే ఇంజిన్ దాన్నే డీజిల్‌లా మండించుకుంటుంది. మరీ ముదిరితే కీ తీసేసినా ఇంజిన్ ఆగదు, దానంతటదే రేస్ అవుతుంది. అలాంటప్పుడు మీరు బండి లోపలే ఉంటే బ్రేక్ బలంగా తొక్కి, టాప్ గేర్ వేసి, క్లచ్ వదిలేయండి. ఇంజిన్ ఆగిపోతుంది. బయట ఉంటే గాలి పైపు మూతిని చెక్కతో మూయాలి, చేయి మాత్రం అడ్డం పెట్టకూడదు.

ఇంత దూరం రానీయకుండా ముందు కొలత సరిగ్గా చూడండి. చదునైన చోట ఆపి, ఐదు పది నిమిషాలు ఆగి, గేజీ తుడిచి మళ్లీ ముంచి చూడాలి. పికప్‌లో ఒక మెలిక ఉంది. ఖాళీ బండికి వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) పైకి లేచి ఉంటాయి, లోడు ఎక్కితే దిగుతాయి. గేజీ లెక్క దాంతో మారొచ్చు కాబట్టి ఎప్పుడూ ఖాళీ బండి మీదే చూడటం అలవాటు చేసుకోండి. చాలా ఇంజిన్లలో రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరు. ఎంత పోయాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది. అందులో అర లీటరు తక్కువ పోసి, గేజీ చూస్తూ మిగతాది కలపండి. ఎక్కువైన ఆయిల్‌ని గేజీ గొట్టంలో సన్న పైపు దించి పెద్ద సిరంజీతో లాగేయొచ్చు, డ్రెయిన్ విప్పనక్కర్లేదు.

సరిగ్గా పోశారు, కొన్ని వారాల తర్వాత అదే పెరిగిందా? అయితే అందులో కలుస్తున్నది డీజిల్. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల డీజిల్ బండ్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని మధ్యలో బండి ఆపేస్తుంటే కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఛాంబర్లోకి దిగుతుంది. రైతుబజారుకీ ఇంటికీ మధ్య నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండ్లలో ఇది ఎక్కువ. గేజీని వాసన చూస్తే తెలిసిపోతుంది. పై గీత దాటితే, కిలోమీటర్లు నిండకపోయినా ఆయిల్ మార్చేయండి. ఆపైన అప్పుడప్పుడూ హైవే ఎక్కించి అరగంట ఆగకుండా నడపండి.

నిన్న పోసిన ఆయిల్ ఇవాళే నల్లబడింది

తప్పేం లేదు. డీజిల్ మసిని తనలో కలిపి ఉంచడమే ఆ ఆయిల్ పని. రంగు చూసి దుకాణాన్ని తిట్టొద్దు.

ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది

ఆయిల్ పోసే మూత కింద మాత్రమే తెల్లటి జిగురుంటే అది లోపలి తేమే, దూరం తిరిగితే పోతుంది. గేజీ మీద కూడా అలాగే ఉండి, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెటో ఆయిల్ కూలరో పోయినట్టు. బండి ఆపేయాల్సిందే.

బానెట్‌లోంచి పొగ, మాడు వాసన

ఫిల్టర్ విప్పినప్పుడు కారిన ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడి కాలుతోంది. తుడిచి నడిపితే కాసేపటికి ఆగుతుంది. అదే నీలం పొగ వెనక సైలెన్సర్ నుంచి వస్తుంటే ముందు గేజీ చూడండి, పోసింది ఎక్కువై ఉండొచ్చు.

ఎక్కడా కారడం లేదు, అయినా తగ్గుతోంది. డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది

పాత బండికి అలవాటైన ఆయిలే కొత్త బీఎస్-6 బండికీ పోశారేమో డబ్బా మీద చూడండి. 15డబ్ల్యూ-40 అన్నది చిక్కదనం మాత్రమే. దాని పక్కనుండే సీఐ-4, సీకే-4 లాంటి అక్షరాలే రకాన్ని చెబుతాయి. డీపీఎఫ్ ఉన్న బండికి కాలాక తక్కువ బూడిద మిగిల్చే రకం కావాలి. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్లోనే పేరుకుంటుంది. మాన్యువల్ రాసిన రకం కాకపోతే మళ్లీ మార్చడమే. డీపీఎఫ్ ధర ముందు ఆ ఆయిల్ ఖర్చు ఒక లెక్క కాదు. రకం సరిగ్గానే ఉండి ఆయిల్ తగ్గుతూనే ఉంటే టర్బో, పిస్టన్ రింగులు చూపించాలి.

నకిలీ ఆయిల్ సంగతీ మర్చిపోవద్దు. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలు సేకరించి వాటిలోనే కల్తీ నింపి అమ్మేవాళ్లున్నారు. మూత సీలు తెగి ఉంటే, బేరం లేకుండానే ధర బాగా తగ్గించి ఇస్తుంటే వదిలేయండి. మీ ఖాళీ డబ్బాని కూడా కత్తితో అడ్డంగా కోసి పారేయండి. దించిన పాత ఆయిల్‌ని కాలవలో పోయొద్దు, చెదలకని గుమ్మాలకీ పూయొద్దు. చట్టప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత గట్టిగా ఉన్న క్యానులో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి రండి.