బోటు ఇంజనులో కంప్రెషన్ దిగిపోతే ఏం చేయాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. జువ్వలదిన్నెలోనైనా కొత్తపట్నంలోనైనా పాత డీజిల్ ఇంజను విప్పి చూసుకోవడానికి ఈ 61 రోజులే వీలు. ఎంత తిప్పినా స్టార్ట్ కాదు, తెల్లపొగ వస్తుంది, లోడు పడితే లాగదు, బ్రీదర్ గొట్టం (ఇంజను అడుగు గదిలోని గాలి బయటికి పోయేది) గుప్పుగుప్పున ఊదుతుంది. ఇలా ఉంటే కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడిని, అనుమానించాలి. అయితే గాలి ఎటు పోతోందో తేలకముందే బోరు కిట్టు (పిస్టన్లు, రింగులు, సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్లు) కొనకండి.

మొదట టాపెట్లు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య గ్యాప్, చూడండి. గ్యాప్ బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ అక్కడే పోతుంది. కంపెనీ చెప్పిన గ్యాప్ ఫీలర్ గేజ్‌తో పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, బ్యాటరీ నిండా చార్జి చేయండి. ఇంజను మెల్లగా తిరిగితే గేజు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఇక కొలత. ఇంజను వేడెక్కించి ఆపి, డీజిల్ కట్ చేసి, ఇంజెక్టర్లన్నీ తీయండి. సీకాక్ (సముద్రపు నీళ్లు లోపలికొచ్చే కుళాయి) మూసి, నీళ్ల పంపులోని ఇంపెల్లర్ (రెక్కల చక్రం) కూడా తీసేయాలి. లేకపోతే ఇంజను తిప్పినంతసేపూ ఉప్పునీళ్లు సైలెన్సర్‌లో నిండి, వెనక్కి తన్ని సిలిండర్‌లోకి వస్తాయి. గేజు డీజిల్‌దే కావాలి, పెట్రోలు గేజు పగిలిపోతుంది. ఇంజెక్టర్ తీసిన రంధ్రంలో గేజు బిగించి, ఒక్కో సిలిండర్‌కు ఐదారు చుట్లు తిప్పండి. చాలా డీజిల్ ఇంజన్లలో 350 నుంచి 450 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా వస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటితే లోపమున్నట్టే. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే హెడ్ గ్యాస్కెట్‌ను, అన్నీ సమానంగా తక్కువైతే లైనర్ల అరుగుదలను అనుమానించాలి.

సిలిండర్‌లో ఆయిల్ పోసి, కంప్రెషన్ పెరిగితే రింగుల లోపమని తేల్చే పద్ధతి డీజిల్‌కు అంత నమ్మకం కాదు. పోసినా టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు మించకూడదు. ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి పరీక్షే మేలు. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్‌ను పైకి తెచ్చి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఫ్లైవీల్ కదలకుండా బిగించి, ఇంజెక్టర్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించండి. బ్రీదర్‌లో బుస వినిపిస్తే రింగులు, ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌లెట్ వాల్వు. ఇంజనును చల్లబరిచే నీళ్ల ట్యాంకులో బుడగలొస్తే గ్యాస్కెట్.

సముద్రపు ఇంజన్లలో తరచూ పాడయ్యేది ఎగ్జాస్ట్ వాల్వు. ఎగ్జాస్ట్ ఎల్బో (పొగలో చల్లబరిచే నీళ్లు కలిసే వంపు గొట్టం) లోపల తుప్పు తిని, ఉప్పునీటి చుక్కలు వాల్వు మీద పడతాయి. ఎల్బో మార్చకుండా వాల్వు మాత్రమే రుద్దితే మళ్లీ అదే తంతు. ముందు గరుకు పేస్టుతో, తర్వాత నున్నటి పేస్టుతో, సీటు చుట్టూ తెగని బూడిదరంగు గీత వచ్చేదాకా రుద్దండి. పేస్టు రేణువు మిగలకుండా కడగండి. పోర్టులో కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆగితే చెమ్మ కూడా దిగకూడదు.

రింగుల పనైతే కొత్త రింగును పిస్టన్‌తో బోరులోకి నిటారుగా తోసి గ్యాప్ కొలవండి. 100 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 0.3–0.4 మిల్లీమీటర్లు ఉండాలి. లైనర్ పైఅంచున మెట్టు పడి ఉంటే తీయించాలి, లేకపోతే కొత్త రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది. లైనరే అరిగితే కొత్త రింగులు నిలవవు.

హెడ్ బోల్టులను మధ్య నుంచి బయటికి మూడు విడతల్లో, కంపెనీ చెప్పిన టార్కుకు బిగించండి. ఇంజెక్టర్లకు కొత్త రాగి వాషర్లు వేయండి. తీసిన ఇంపెల్లర్ పెట్టి, డ్రమ్ములో మంచినీళ్లు పంపుకు అందిస్తూ అరగంట నడపండి. చల్లారాక టాపెట్లు మళ్లీ చూడాలి, గ్యాస్కెట్ అణిగితే గ్యాప్ తగ్గుతుంది.