యూడైస్ లెక్కలు ఎక్కించే ముందు ఇవి చూసుకోండి

దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌కు సెప్టెంబర్ 30 నాటి లెక్కే ఆధారం కాబట్టి, మన వరంగల్, హనుమకొండ హెడ్మాస్టర్లు ఆగస్టులోనే అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటే మంచిది. పేరు, పుట్టిన తేదీ ఆధార్ పక్కన పెట్టి చూడండి. ఒకచోట లావణ్య, ఇంకోచోట లావన్య అని ఉంటే చివర్లో టెన్షన్ తప్పదు.

దివ్యాంగ పిల్లల దగ్గర మాత్రం తొందరపడొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, మనమేమో నడవలేని పిల్లాడిని రాసి, సరిగ్గా వినపడక వెనక బెంచీలో మౌనంగా కూర్చునే పాపను వదిలేస్తున్నాం, అది నాకు చాలా బాధ. లెక్కలో లేని పిల్లకు వినికిడి యంత్రం ఎవరిస్తారు?

ఆడపిల్లల టాయిలెట్‌కు టిక్ పెట్టే ముందు తలుపు తీసి నల్లా తిప్పండి. తాళం వేసి ఉంటే వాడుకలో లేనట్టే రాయండి.