'పోతాను' అనే మాటను వెనక నుంచి చదవండి

తిరుపతి రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో 18 ఏళ్లుగా రిసెప్షన్ చూస్తున్నాను. పీలేరు, పుత్తూరు, పలమనేరు వైపు నుంచి ఇంటరో డిగ్రీనో చదివిన పిల్లలు వచ్చి నా పక్కన డ్యూటీ నేర్చుకుంటారు. "అక్కా, ఇంగ్లీషు మాటలన్నీ తెలుసు, వాక్యంలో పేర్చే వరసే రాదక్కా" అంటారు. నిజమే. కీ, లగేజ్, చెకౌట్, అడ్వాన్స్ అనే మాటలు తెలియనివాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.

వరస ఎంత పని చేస్తుందో నాకు ఒక రాత్రి తెలిసొచ్చింది. 204లో ఉన్న పెద్దాయన కోసం డ్రైవర్ రిసెప్షన్‌కు ఫోన్ చేసినాడు, కింద ఉన్నాను, సార్‌ను పిలవండి అని. "204 సార్‌ను డ్రైవర్ పిలిచినాడు" అని మనసులో అనుకుంటూ మెసేజ్ బుక్కులో ఇంగ్లీషులో "రూమ్ 204 కాల్డ్ డ్రైవర్" అని రాసి డ్యూటీ దిగిపోయినాను. నా తర్వాత వచ్చినాయనకు తెలుగు రాదు. ఆయన ఉన్నదున్నట్టు చదివినాడు: 204 వాళ్లే డ్రైవర్‌కు ఫోన్ చేసుకున్నారు, ఇంక మనం లేపే పని లేదు. డ్రైవర్ కింద కాచుకున్నాడు, పెద్దాయన పైన నిద్రపోయినాడు, చెన్నై రైలు వెళ్లిపోయింది.

తెలుగులో "డ్రైవర్ సార్‌ను పిలిచినాడు" అన్నా, "సార్‌ను డ్రైవర్ పిలిచినాడు" అన్నా అర్థం మారదు. ఆ 'ను' సార్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, ఆయన వాక్యంలో ఎక్కడ నిలబడినా సరే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుకూ ఇట్లాంటి విభక్తులు ఉండేవి. వందల ఏళ్లలో అవి అరిగిపోయి ఐ–మి, హి–హిమ్, హూ–హూమ్ లాంటి కొన్ని జంటల్లోనే మిగిలినాయి. పోయిన విభక్తుల పనిని ఇప్పుడు మాట నిలబడే చోటు చేస్తోంది. క్రియకు ముందున్నవాడు చేసినవాడు, క్రియ తర్వాత ఉన్నవాడు ఆ పని ఎవరిమీద జరిగిందో వాడు. ఇంగ్లీషులో చోటే విభక్తి. ఇది మనసుకు ఎక్కకుండా టెన్సుల పట్టికలు బట్టీ పడితే లాభం లేదని నా నమ్మకం.

ఇప్పుడు పాత గోడ కేలండర్ షీటు ఒకటి తీసుకోండి, వెనకవైపు తెల్లగా ఉంటుంది. చీటీలుగా కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో ముక్క రాయండి: నేను, రేపు పొద్దున, బస్సులో, తిరుమలకు, పోతాను. 'నేను' చీటీని కదిలించొద్దు. మిగతా నాలుగింటినీ చివరి నుంచి ఒక్కొక్కటే తీసి దాని పక్కన పేర్చండి. నేను, పోతాను, తిరుమలకు, బస్సులో, రేపు పొద్దున. "ఐ విల్ గో టు తిరుమల బై బస్ టుమారో మార్నింగ్." వాక్యం కట్టడం అయిపోయింది.

ఇంకొంచెం దగ్గరికి జరిగి ఒక్కో చీటీని చూడండి. 'తిరుమలకు'లో 'కు' వెనక ఉంది, ఇంగ్లీషులో 'టు' ముందుకొచ్చింది. 'టేబుల్ మీద' అయితే 'ఆన్ ద టేబుల్'. ఇక 'పోతాను' తీసుకోండి. పో, తా, ను. దీన్ని వెనక నుంచి చదవండి: 'ను' అంటే ఐ, 'తా' అంటే విల్, 'పో' అంటే గో. 'రాగలను'ను అట్లాగే విప్పితే ఐ, కెన్, కమ్. 'చేయలేను' అయితే ఐ, కాంట్, డు. ఇది మొదటిసారి కాగితం మీద కనబడిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మన క్రియ ఒక్కటే వాళ్ల చిన్న వాక్యం, అద్దంలో చూసినట్టు.

మనిషి గుర్తు మన క్రియలోనే ఉంది కాబట్టి "రేపు వస్తాను" అంటే మనకు చాలు, 'నేను' అక్కర్లేదు. వాళ్ల 'కమ్'లో మనిషి లేడు. అందుకని 'ఐ' ఎప్పుడూ వదలొద్దు.

అన్నీ తిరగబడవు. పెద్ద రూమ్ 'బిగ్ రూమే', మూడు లడ్డూలు 'త్రీ లడ్డూసే', 'రేపు పొద్దున' కూడా లోపల అదే వరస. పేరుకు ముందు వచ్చే చిన్న మాటల్ని ఉన్నచోటే ఉంచండి. కానీ ఆ ముందు మాటలో క్రియ ఉంటే మళ్లీ తిప్పాలి: "నిన్న రాత్రి వచ్చిన ఫ్యామిలీ" అన్నది "ద ఫ్యామిలీ దట్ కేమ్ లాస్ట్ నైట్" అవుతుంది.

"ఇది మీ రూమ్" అన్నప్పుడు మనకు క్రియే లేదు. వాళ్లకు క్రియ చోటు ఖాళీగా ఉండకూడదు, ఈజ్ పెట్టాలి: "దిస్ ఈజ్ యువర్ రూమ్."

పిల్లలు ఎక్కువగా తడబడేది ప్రశ్నల దగ్గర. "యు వేర్ ఫ్రమ్ కమింగ్?" అని అడుగుతుంటారు. ముందు జవాబు కట్టండి: "యు ఆర్ కమింగ్ ఫ్రమ్ విజయవాడ." విజయవాడ తీసి అక్కడ వేర్ పెట్టండి. ఆ వేర్‌ను వాక్యం మొదటికి తెండి. తర్వాత యు, ఆర్ రెండూ చోటు మార్చుకోవాలి. "వేర్ ఆర్ యు కమింగ్ ఫ్రమ్?" చివర ఒంటరిగా మిగిలిన ఫ్రమ్‌ను చూసి భయపడొద్దు, అది సరైన చోటే. "ఏసీ రూమ్ కావాలా?"లో ప్రశ్న అంతా చివరి 'ఆ'లో ఉంది. అద్దంలో అది మొదటికొచ్చి 'డు' అవుతుంది: "డు యు వాంట్ యాన్ ఏసీ రూమ్?"

రోజుకు ఐదు వాక్యాలు చాలు, కానీ ఆ రోజు మీ నోటితో మీరు అన్న తెలుగు వాక్యాలే కావాలి, గైడులోవి వద్దు. చీటీలు పేర్చి, గట్టిగా పైకి మూడుసార్లు చదవండి. మా పిల్లలు రాత్రి డ్యూటీలో రద్దీ తగ్గాక కౌంటర్ మీదే పేరుస్తారు.

వీటన్నిటి తర్వాత కూడా ఒక వాక్యం అందరినీ పట్టేస్తుంది, మొన్న మా పలమనేరు అబ్బాయిని పట్టినట్టు: "సార్ ఎక్కడ ఉన్నారో నాకు తెలియదు." వాడు "ఐ డోంట్ నో వేర్ ఈజ్ సర్" అన్నాడు. "ఎక్కడ ఉన్నారు అని అడుగుతున్నావా, ఎక్కడ ఉన్నారో అంటున్నావా నాయనా?" అన్నాను. కాసేపు చీటీల వంక చూసి, ఈజ్ చీటీని వేలితో తోసి సర్ తర్వాతికి జరిపినాడు. "ఐ డోంట్ నో వేర్ సర్ ఈజ్."