మూడో పాఠం: ఎండుపుల్ల ఎవరిది?

ఆస్తి ఎవరిదన్న ప్రశ్న మీద పాత రచయితలను చదువుతున్నాం. పోయిన పాఠంలో గ్రీకు తత్వవేత్త ప్లేటోనీ, ‘యుటోపియా’ రాసిన థామస్ మోర్‌నీ చూశాం. సొంత ఆస్తి వద్దని ప్లేటో అన్నది పాలించి కాపుకాసే వర్గానికే గానీ ఊరందరికీ కాదు. అది గుర్తుంటే చాలు. ఈసారి ఏకంగా 1842కి వెళ్దాం. మధ్యలో వందల ఏళ్లు వదిలేశామని టెన్షన్ పడొద్దు, తత్వవేత్తలు లాక్, రూసో దారిలోనే కలుస్తారు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీస వైపు వాళ్లకి ఈ పాఠం తొందరగా ఎక్కుతుంది. తునికాకు తెంపడం, ఇప్పపువ్వు ఏరడం, ఎండుపుల్లలు మోపు కట్టి నెత్తిన పెట్టుకు రావడం మనకి ఒకరు చెప్పాల్సిన పనులు కావు. జర్మనీలోని రైన్ ప్రాంతంలో గొడవ ఆ మోపు దగ్గరే వచ్చింది. రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనం కింద కట్టే చట్టం మీద 1841లో అక్కడి ప్రాంతీయ సభ చర్చించింది. పేదలు తరతరాలుగా ఏరుకుంటున్న పుల్లలే అవి. మరుసటి ఏడు, ఇరవై నాలుగేళ్ల కార్ల్ మార్క్స్ కొలోన్‌లో ‘రైనిష్ జైటుంగ్’ పత్రిక సంపాదకుడిగా ఉంటూ ఆ చర్చను ఒక వ్యాసంలో ఉతికి ఆరేశాడు.

ఈ వ్యాసాన్ని ఎలా చదవాలి? రచయిత ఏ రెండింటిని విడదీస్తున్నాడో ముందు పట్టుకోండి. పచ్చి చెట్టు నరికినవాడు యజమానికీ చెట్టుకీ ఉన్న సంబంధాన్ని బలవంతంగా తెంపాడు. రాలిన పుల్ల సంగతి అలా కాదు, దాన్ని ప్రకృతే ముందుగా విడదీసింది. పాముకి కుబుసంతో ఎంత సంబంధమో చెట్టుకి రాలిన పుల్లతో అంతే అంటాడు మార్క్స్. ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి, అడవి యజమాని తరఫున గట్టిగా జవాబు చెప్పి చూడండి. ‘చెట్టు నాదైతే దాని ఆకూ పుల్లా నావి కావా?’ ఈ ప్రశ్నకి తడుముకోకుండా బదులు చెప్పగలిగితేనే వాదం అర్థమైనట్టు.

లాక్ అయితే ఏమనేవాడు? ఓక్ చెట్టు కింద కాయలు ఏరుకున్నవాడికి ఆ ఏరిన శ్రమతోనే అవి సొంతమవుతాయని రాశాడాయన. ఆ లెక్కన మోపు ఏరినవాళ్లదే. కానీ లాక్ చెప్పింది అందరికీ ఉమ్మడిగా ఉన్న ప్రకృతి గురించి, రైన్ అడవికేమో అప్పటికే యజమాని ఉన్నాడు. అందుకే మార్క్స్ పేదల వాడుక హక్కు (తరతరాల ఆచారంగా వచ్చిన హక్కు) వైపు వెళ్లాడు, ఏరుకునే పనిలోనే వాళ్లు తమ హక్కును కనుక్కుంటారన్నాడు. 1755లో రూసో ఇంకా వెనక్కి వెళ్లి, మొదట కంచె వేసి ‘ఇది నాది’ అన్నవాణ్ణే నిలదీశాడు. నన్నడిగితే ముగ్గురిలో ధైర్యం రూసోది, కోర్టులో నిలబడేది మార్క్స్ వాదం.

వ్యాసంలో నాకు బాగా నచ్చే చోటు ఇంకొకటుంది. పోయిన కట్టెల విలువ కట్టేది అడవి కాపలాదారు. అతను యజమాని జీతగాడు. జరిమానా పోయేదీ యజమాని జేబులోకే. అంటే దొంగతనం జరిగితే యజమానికి నష్టం పోయి ఆదాయం వస్తుంది! మార్క్స్ ఇక్కడ వెటకారం దాచుకోడు.

అయినా ఇందులో వర్గపోరాటం గానీ అదనపు విలువ (కార్మికుడి శ్రమలో కూలి పోగా యజమానికి మిగిలేది) గానీ వెతక్కండి. అందరిదీ కావలసిన రాజ్యం ఒక యజమాని నౌకరు స్థాయికి దిగజారిందన్నదే అతని బాధ, అది జర్మన్ తత్వవేత్త హెగెల్ రాతల్లోంచి నేర్చిన మాట. 1842 అక్టోబరులోనే పత్రిక మీద కమ్యూనిస్టు ముద్ర వేస్తే, ఇప్పుడున్న రూపంలో ఆ భావాలకి సిద్ధాంతపరంగా కూడా తాము విలువ ఇవ్వడం లేదని జవాబు రాశాడు. భౌతిక ప్రయోజనాల గురించి మాట్లాడాల్సి వచ్చి ఇబ్బందిలో పడింది ఈ కట్టెల చర్చ లాంటి వాటి వల్లేనని 1859లో తనే చెప్పుకున్నాడు. మార్క్స్, ఎంగెల్స్‌ల ‘కమ్యూనిస్టు మేనిఫెస్టో’తో మొదలుపెట్టేవాళ్లకి ఈ తడబాటు కనిపించదు, అందుకే దాన్ని ఇంకా తెరవనివ్వడం లేదు.

ఇక అభ్యాసం. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న అటవీ ఉత్పత్తుల నిర్వచనం తీయండి, మరాఠీలో చదివినా సరే. తునికాకు, వెదురుతో పాటు పుల్లా కంపా అందులో ఉన్నాయి. మన ఊరి మోపు ఎవరిదో లాక్, రూసో, 1842 నాటి మార్క్స్‌ల తరఫున ఒక్కో పేరా రాయండి. మీ అభిప్రాయం కలపొద్దు. మూడో పేరాలో ‘శ్రమ దోపిడీ’ అనే మాట పడితే కొట్టేయండి, అతను అప్పటికి అంతదూరం రాలేదు. నాలుగో పాఠంలో హెగెల్ రాజ్య సిద్ధాంతం మీద 1843లో మార్క్స్ రాసుకున్న విమర్శ చూద్దాం. అది కాస్త ముళ్లదారి, ఈ మూడు పేరాలూ దగ్గర పెట్టుకునే కూర్చోండి.