విరిగిన కాలితో మళ్లీ రేసుకు – నాలుగో పాఠం: ట్రైనర్ దిగి రోడ్డెక్కడం

మూడో పాఠం అయ్యేసరికి మీరింకా ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్న చోటే తొక్కే స్టాండు) మీదే ఉన్నారు. మోకాలు పెడల్‌తో పాటు పూర్తి చుట్టు తిరుగుతోంది. తేలిక గేరులో నలభై నిమిషాలు తొక్కగలుగుతున్నారు. ఈ పాఠం అక్కణ్ణుంచి ఆరు వారాలకు. తొడ ఎముక విరిగి లోపల రాడ్డు వేయించుకున్న వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కాలర్ బోన్ విరిగిన వాళ్లు ఇంతకంటే తొందరగా కదలొచ్చు. తలకు గట్టి దెబ్బ తగిలిన వాళ్లు మాత్రం ఈ లెక్కతో రోడ్డెక్కకండి. వాళ్ల దారి వేరు, అది డాక్టరే చెప్పాలి.

రోడ్డెక్కే ముందు ఈ నాలుగూ చూసుకోండి. సర్జన్ కొత్త ఎక్స్‌రే చూసి, సైకిల్ తొక్కొచ్చని నోటితో చెప్పి ఉండాలి. "ఇక నడవొచ్చు" అన్నారంటే తొక్కమని కాదు. తొడ ఎముక అతకడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రాడ్డు మోస్తుంది కాబట్టి నడక అంతకుముందే వస్తుంది. రెండు, కుంటకుండా నడవాలి. మూడు, దెబ్బ తగిలిన కాలి మీద నిలబడి, ఒక మెట్టు మీంచి రెండో కాలిని మెల్లగా కిందికి దించగలగాలి. దించేటప్పుడు నడుము ఒక పక్కకు వాలకూడదు, మోకాలు లోపలికి ఒరగకూడదు. అద్దం ముందు చేస్తే మీకే తెలుస్తుంది. నాలుగు, నొప్పి మాత్ర లేకుండా ఇదంతా జరగాలి. ఇందులో ఏది కుదరకపోయినా ఇంకో రెండు వారాలు మూడో పాఠంలోనే ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి. ముందు దమ్ము తిరిగొస్తుంది, ఆ తర్వాత కండ, అన్నిటికంటే చివర ఎముకా, కండను ఎముకకు కలిపే స్నాయువూ. ఈ వరుస తెలియకే చాలామంది రెండోసారి ఆసుపత్రికి వెళ్తారు.

బాగా సాధన చేసిన వాళ్లు తొక్కడం మానేస్తే శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం మూడు వారాల్లో 7 శాతం, పన్నెండు వారాల్లో 16 శాతం దాకా తగ్గిందని 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం కొలిచి చూపించింది. మొదట్లో పడిపోయేదానికి పెద్ద కారణం రక్తంలో ద్రవం తగ్గడం. మళ్లీ తొక్కడం మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే అది తిరిగి పెరుగుతుంది. అందుకే మూడో వారానికల్లా మీకు "అరె, పాత ఫామ్ వచ్చేసిందే" అనిపిస్తుంది. ఊపిరి విషయంలో అది కొంతవరకు నిజం కూడా. కానీ తొడ కండ నెలలు తీసుకుంటుంది. మోకాలి కింది స్నాయువు, అతుకుతున్న ఎముక ఇంకా ఎక్కువ తీసుకుంటాయి. దమ్మును నమ్మి బరువు గేరు వేస్తే ఆ బరువంతా వీటి మీదే పడుతుంది.

పేరున్న రేసర్ల లెక్కా ఇంతే. 2019 టూర్ డి ఫ్రాన్స్, 2021 జిరో డి ఇటాలియా రేసులు గెలిచిన ఇగాన్ బెర్నాల్ 2022 జనవరి 24న కొలంబియాలో ట్రైనింగ్ చేస్తూ, ఆగి ఉన్న బస్సును వెనక నుంచి గుద్దాడు. తొడ ఎముక, మోకాలి చిప్ప, వెన్నుపూసలు విరిగాయి. అదే ఏడాది ఆగస్టులో డెన్మార్క్ రేసులో స్టార్ట్ లైన్ దగ్గర నిలబడ్డాడు. మళ్లీ గెలుపు చూసింది మాత్రం 2025 ఫిబ్రవరిలో, కొలంబియా జాతీయ పోటీల్లో. రేసులోకి రావడానికి ఏడు నెలలు, గెలవడానికి మూడేళ్లు. అతని వెనక డాక్టర్లు, ఫిజియోలు, ఒక పెద్ద టీమ్ ఉన్నారు. మనకు ఉదయం ఆఫీసు, సాయంత్రం ఇంటి పని ఉంటాయి. కాబట్టి "వచ్చే నెల జిల్లా మీట్" అనే మాట ఇప్పటికి పక్కన పెట్టండి.

ఆ ప్రమాదంలో మనకు ఇంకో సంగతి కూడా ఉంది. అతను తొక్కుతున్నది టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసు) సైకిల్, ఒళ్లు ముందుకు వంచి తొక్కేది. తిరుపతిలో యాత్రికుల కోసం ఆటోలు, జీపులు, బస్సులు ఎక్కడ పడితే అక్కడ ఆగుతాయి. ఈ ఆరు వారాలూ టైమ్ ట్రయల్ బార్లు ఇంట్లోనే ఉండనీయండి, తల ఎత్తే తొక్కండి.

ఏ రోడ్డు? అలిపిరి నుంచి చెర్లోపల్లి మీదుగా జూ పార్కు వైపు వెళ్లే రోడ్డు మనూళ్లో చాలామందికి అలవాటే. కొండ పక్కనే పోతుంది, ట్రాఫిక్ తక్కువ. అయితే ఆ వైపు చిరుత సంచారం ఉంది కాబట్టి చీకట్లో పోకండి, బాగా వెలుతురు వచ్చాకే బయల్దేరండి. రేణిగుంట వైపు లారీలు, ఎయిర్‌పోర్టు కార్లు ఎక్కువ, ఈ దశలో వద్దు. పెరటాసి (సెప్టెంబర్–అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో చంద్రగిరి వైపు నడిచి వచ్చే భక్తులు రోడ్డు అంచునే ఉంటారు. ఆ రోజుల్లో ట్రైనర్ మీదే తొక్కుకోండి. నన్నడిగితే మొదటి రెండు వారాలు ఇంటి చుట్టుపక్కల చిన్న చుట్లు కొట్టడమే మేలు. కాలు మొరాయిస్తే పదిహేను కిలోమీటర్ల అవతల కూర్చుని ఫోన్ చేసే పని ఉండదు.

మన ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది? ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర లోపే ఇంటికి చేరాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒంట్లో రక్తంలో ద్రవం తక్కువని పైన చెప్పాను కదా, అందుకే ఎండ మీకు మునుపటికంటే తొందరగా తగులుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. తడిసిన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారతాయి. ఎముక అతుకుతున్న కాలికి జారిపడటం కంటే చెడ్డది లేదు, వాన రోజు రోడ్డు మానుకోండి.

సైకిల్‌కు కొన్ని మార్పులు చేయాలి. మొదటి రెండు వారాలు, షూను పట్టి ఉంచే క్లిప్ పెడల్స్ తీసేసి మామూలు పెడల్స్ వేయించండి. క్లిప్ నుంచి పాదం విడిపించుకోవడానికి మడమ తిప్పాలి. కంగారులో ఆ మెలిక మోకాలి మీద, తొడ మీద పడుతుంది. ఆగేటప్పుడు మంచి కాలే కింద పెట్టండి. ఇది ఖాళీ జాగాలో పదే పదే చేసి అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే పాత అలవాటు మిమ్మల్ని దెబ్బ తగిలిన కాలి మీదే దింపొచ్చు. 28 ఎంఎం టైర్లయితే, 65–70 కిలోల మనిషికి 100 పీఎస్ఐ దాకా గాలి కొట్టనక్కర్లేదు, 70–75 చాలు. గుంతల కుదుపు తగ్గుతుంది. సీటు ఎత్తు పాతదే పెట్టుకోవాలని మొండికేయకండి. తొడ విరిగాక కొందరికి ఆ కాలు కొన్ని మిల్లీమీటర్లు పొట్టి అవుతుంది. తొక్కేటప్పుడు నడుము ఒక వైపుకు జారుతున్నట్టుంటే ఫిజియోతో కొలిపించండి. షూ కింద పలుచని ప్లేటు వేస్తే సరిపోవచ్చు. మోకాలు ఇంకా బిగుసుగా ఉంటే 172.5 ఎంఎం క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) బదులు 165 ఎంఎం వేయిస్తే వంగాల్సిన కోణం తగ్గుతుంది.

ఇక తొక్కడం. ఈ ఆరు వారాలు కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు నలభై నిమిషాలు, చదును రోడ్డు మీద. మూడు, నాలుగు వారాల్లో గంట నుంచి గంటంబావు. అప్పటికి క్లిప్‌లు మళ్లీ పెట్టుకోవచ్చు. అలిపిరి నుంచి శ్రీనివాస మంగాపురం పోయి రావడం ఆ సమయానికి సరిగ్గా సరిపోతుంది. ఐదో వారం బాగున్నా సరే మూడో వంతు తగ్గించండి. ఆరో వారంలో ఒక రోజు చంద్రగిరి దాకా పోయి రండి. మధ్యలో ఎనిమిది నిమిషాల చొప్పున రెండుసార్లు కొంచెం గట్టిగా తొక్కండి. అంతకు మించి వద్దు.

ఎంత గట్టిగా? పాత ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే పవర్) అంకె ఇప్పుడు చెల్లదు, దాని మీద కట్టిన జోన్లూ (శ్రమ స్థాయిలు) చెల్లవు. దాన్ని కొలిచే ఇరవై నిమిషాల టెస్టు ఇప్పుడే పెట్టుకోకండి. మాటతో చూసుకోండి. పక్కనున్న వాళ్లతో రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే తేలిక. ఒక్క వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి. మెట్లెక్కే భక్తుల్లా "గోవిందా" ఒక్కటే బయటికి వస్తుంటే ఈ దశకు అది మరీ ఎక్కువ. పెడల్ నిమిషానికి 85–95 చుట్లు తిరగాలి. గాలి ఎదురైనా ఎత్తు వచ్చినా గేరు తగ్గించండి, చుట్లు తగ్గించకండి. సీటు మీంచి లేచి తొక్కడం ఆరు వారాలూ నిషేధం. తిరుమల ఘాట్ సంగతి ఎత్తకండి. స్ట్రావా యాప్‌లో మీ పాత టైములు చూడటం కూడా మానండి, టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

పవర్ మీటరు (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచేది) ఉన్న వాళ్లు జాగ్రత్త. మనవాళ్ల దగ్గర ఉండేది చాలావరకు ఎడమ క్రాంకులోనే కొలిచే రకం. అది ఎడమ కాలి బలాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. మీ కుడి కాలు విరిగిందనుకోండి. ఎడమ 110 వాట్లు, కుడి 80 వాట్లు ఇస్తే నిజం 190, మీటరు చూపేది 220. అంకె చూసి మురిసిపోయి ఇంకా తొక్కుతారు. ఎడమ విరిగిన వాళ్లకు ఇదే తిరగబడి 160 చూపిస్తుంది, వాళ్లు దిగులుపడతారు. రెండు కాళ్లనూ విడివిడిగా కొలిచే మీటరు లేకపోతే వారానికి ఒకసారి ట్రైనర్ మీద ఒంటికాలి పరీక్ష చేయండి. తేలిక గేరు, ఒక కాలు తీసి స్టూలు మీద, ముప్ఫై సెకన్లు. పెడల్ పైకి వచ్చే చోట చైన్ వదులై టక్కుమంటుంది. రెండు కాళ్లకూ ఆ శబ్దం ఒకేలా ఉందా, ఎక్కడ ఎక్కువ? రాసుకోండి. వారానికి రెండుసార్లు ఇంటి మెట్టు మీద ఒంటికాలితో ఎక్కి దిగడం చేయండి. తొక్కక ముందు చేస్తే అలిసిన కాలితో రోడ్డెక్కుతారు, అందుకని తొక్కొచ్చాకే. బలహీనమైన కాలు మంచి కాలి బలంలో 90 శాతానికి వచ్చేదాకా గట్టి ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా తొక్కడం) జోలికి పోవద్దు.

ఈ రైడ్ సరిపోయిందా, ఎక్కువైందా అన్నది మర్నాటి పొద్దున చెబుతుంది, తొక్కుతున్నప్పుడు కాదు. లేవగానే మూడు చూడండి. మోకాలి చిప్ప పైన ఒకే చోట టేపు పెట్టి చుట్టుకొలత. పదికి నొప్పి ఎంత? మెట్లు దిగేటప్పుడు మొదటి నాలుగు అడుగులు ఎలా పడ్డాయి? తొక్కేటప్పుడు మూడు దాకా నొప్పి వచ్చి పొద్దుటికి పోతే ఫరవాలేదు. వాపు పెరిగినా, నొప్పి నిలిచినా ఆ రోజు విశ్రాంతి. తర్వాతి రైడ్ అంతకుముందు దాని కంటే తక్కువ. మోకాలు ఉబ్బితే తొడ ముందు కండ సరిగ్గా బిగియదు. ఆ కండతో తొక్కితే మిగతా కీళ్లు బరువు మోస్తాయి. పిక్క ఒక్కసారిగా ఉబ్బి వేడిగా ఉన్నా, ఆయాసం వచ్చినా, రాత్రి పడుకున్నప్పుడు తొడలో లోతుగా నొప్పి లేచినా మర్నాటి దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మొదటి రెండూ రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు.

తిండి గురించి ఒక్క మాట. పడకలో పెరిగిన బరువు తగ్గాలని ఇప్పుడే రాత్రి భోజనం మానేసే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అతుకుతున్న ఎముకకు తిండి కావాలి. రోజుకు కిలో బరువుకు 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ చూసుకోండి. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. ఉలవలు, పప్పు, పెరుగు ఎలాగూ ఉన్నాయి. వంద గ్రాముల రాగి పిండిలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, సంగటి మానొద్దు.

మందుల సంగతి రేసు రోజు దాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఆపరేషన్ తర్వాత చీటీలో ట్రమడాల్ రాసి ఉండొచ్చు. సైక్లింగ్ అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ దాన్ని 2019 మార్చి 1 నుంచే రేసుల్లో నిషేధించింది. 2024 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా జాబితాలో కూడా చేరింది, అన్ని ఆటలకూ పోటీల్లో నిషేధమే. కీలులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం. పాత చీటీలు, డిశ్చార్జ్ కాగితాలు ఒక కవర్లో పెట్టి ఉంచండి. నిజంగా అవసరమైన మందయితే చికిత్స మినహాయింపు కోసం ముందే దరఖాస్తు చేయాలి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నేను రేసుల్లో తొక్కుతాను" అని మీరే చెప్పండి, ఆయన అడగరు.

ఇంట్లో అమ్మో నాయనో "మళ్లీ ఆ సైకిలేనా?" అంటారు. వాదించొద్దు. ఏ రోడ్డు, ఎన్ని నిమిషాలు, ఎప్పటికి వస్తానో చెప్పి వెళ్లండి, లైవ్ లొకేషన్ పంపండి. పడిన రోజు నెత్తిన ఉన్న పాత హెల్మెట్ మాత్రం మళ్లీ పెట్టుకోకండి. పైకి పగులు కనిపించకపోయినా లోపలి ఫోమ్ నలిగి ఉండొచ్చు, కొత్తది కొనండి.

ఈ వారం పని: ఒక నోటు పుస్తకంలో తేదీ, నిమిషాలు, పొద్దుటి నొప్పి, మోకాలి చుట్టుకొలత, ఒంటికాలి పరీక్షలో ఏ కాలికి టక్కు ఎక్కువ, ఈ ఐదు గడులు గీయండి. మొదటి రైడ్‌కు ముందు మూడు రోజుల కొలతలు రాసి పెట్టండి, పోల్చుకోవడానికి అవి కావాలి. ఐదో పాఠం ఘాట్ దిగడం, గుంపులో ఇంకొకరి చక్రం వెనక తొక్కడం గురించి. ఆరు వారాల్లో వరుసగా రెండు వారాలు పొద్దుటి నొప్పి సున్నాకు వచ్చిన వాళ్లు దానికి సిద్ధం.